బెలూను తుపాకీ పార్సెలు

నిడదవోలుకు నాలుగు మైళ్ళ దూరాన, కాలువ గట్టు మీది సంత ఊళ్ళో గున్నేశ్వరరావును ఎరుగనివారు లేరు. యాభై యెనిమిదేళ్ళ పొట్టి మనిషి. తిరునాళ్ళలో బెలూన్లు పేల్చే గాలి తుపాకులు చెడిపోతే బాగుచేయడం అతని వృత్తి. ఆ వృత్తి అతనికి కూటికంటె దెబ్బలనే ఎక్కువ పెట్టింది. ఒకసారి సంచిలోంచి తుపాకీ గొట్టం బయటికి కనబడగా, బస్సులోని జనం దోపిడీగాడనుకొని అతణ్ణి కదులుతున్న బండిలోంచి తోసివేశారు. ఎడమ చెవి చీలింది. మరొకసారి రైలులో రెండు పళ్ళు ఊడిపోయాయి. ఆనాటి నుండి తుపాకీని చేత మోయడం మాని, మల్లుగుడ్డలో కుట్టి, లక్క ముద్ర వేసి తపాలాలో పంపుతున్నాడు. అవి లైసెన్సు అక్కరలేని రకాలు. ఆ సంగతి తెలిపే ప్రభుత్వపు కాగితం నకలు ఎల్లప్పుడూ అతని జేబులో ఉండేది.

"ఈసారి బస్సా, రైలా బావా?" అని టీకొట్టు దగ్గర ఎవరైనా ఎకసెక్కమాడితే, "మిగిలిన పళ్ళతో ఇంకా పనుందిరా" అనేవాడు.

ఆ మాఘమాసంలో బుజ్జమ్మ తుపాకీ అతని దగ్గరికి వచ్చింది. బుజ్జమ్మది ఉప్పాడ. ఇంటిని సముద్రం లాక్కుపోయాక, ఒక బెలూన్ల బల్లతో, ఒకే ఒక తుపాకీతో ఊరూరా తిరిగి బతుకుతున్నది. ఆమె విజయనగరం అవతలి జాతరలో చోటు సంపాదించి ఫోను చేసింది.

"సోమవారం పొద్దుటికి తుపాకీ నా చేతిలో లేకపోతే ఆ చోటు ఇంకొకళ్ళకి ఇచ్చేత్తారంట అన్నియ్యా. ఇక ఈ ఏడు మాకు జాతర లేనట్టే."

గురువారం నాడు గున్నేశ్వరరావు తుపాకీని గుడ్డలో చుట్టి, సరుకు చూపవలసి ఉంటుందని ఒక పక్క కుట్టకుండా వదిలి, నిడదవోలు తపాలా కార్యాలయానికి తీసుకొనిపోయాడు. ఎరిగిన గుమాస్తా బదిలీ అయిపోయాడు. ఆ కుర్చీలో హరిబాబు అనే కొత్త గుమాస్తా ఉన్నాడు. అంతకు నెల ముందే, ఆ వీధిలోనే నగల వర్తకుణ్ణొకణ్ణి దొంగలు పిస్తోలుతో కాల్చి చంపారు. అది మొదలు టైరు పేలినా ఊరు ఉలికిపడుతున్నది.

"ఏంటండి ఇందులో?"

"గాలి తుపాకీ అండి. బెలూన్లు కొట్టేది. దీనికి లైసెన్సు అక్కర్లేదండి, ఇదిగో కాగితం."

హరిబాబు కాగితాన్ని చూడనైనా లేదు. ఆయుధాలు తపాలాలో పోగూడదన్న ఒక్క ముక్క అతని తలలో మేకులా దిగి ఉన్నది. కుర్చీ వెనక్కు తన్ని లేచాడు.

"తుపాకీ! తుపాకీ తెచ్చాడు! పట్టుకోండి!"

వరుసలో ఉన్నవారు కెవ్వుమన్నారు. పక్కనే సెల్‌ఫోన్ల దుకాణం నడిపే ప్రవీణ్ పరుగున వచ్చాడు. చనిపోయిన వర్తకుడు అతనికి మేనమామ. వచ్చీరాగానే గున్నేశ్వరరావు మెడ పట్టి గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి నెత్తురు కళ్ళలోకి దిగింది. "బెలూన్లదయ్యా!" అన్న కేక నోటి మీద పడ్డ పిడికిలితో ఆగిపోయింది. అయిదారుగురు మీదపడి చెప్పులతో, గొడుగులతో బాదారు. ప్రవీణ్ తుపాకీని గుంజి బల్ల ఇనుప అంచుకేసి కొట్టాడు. ఆ చప్పుడు చెవిన పడగానే గున్నేశ్వరరావు దెబ్బలు కాచుకొనడం మాని తుపాకీ మీద బోర్లా పడ్డాడు.

"వదల్రా!"

"ఇది విరిస్తే ఒకావిడ కూడు పోద్దిరా నాయనా!"

ప్రవీణ్ బూటుకాలితో తుపాకీని పట్టిన అతని కుడిచేతిని తొక్కి నలిపాడు. చెరుకుగడ విరిగినట్టు రెండు వేళ్ళు ఫటఫటమన్నాయి.

అప్పుడు లోపలి గదిలోంచి పోస్టుమాస్టరు మాణిక్యాంబ వచ్చి, ఇనుప ముద్రతో బల్ల మీద దడదడా మోదింది. "ఆగండి! మనిషిని చంపేస్తారా ఏంటి?" నెత్తుటిలో నానిన కాగితాన్ని తీసి చదివి, గుమాస్తా వైపు తిరిగింది. "హరిబాబూ, నిరుడంతా ఈయన పంపుతూనే ఉన్నారు. నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

జనం ఒక్కొక్కరే చెప్పులు తొడుగుకొన్నారు. గున్నేశ్వరరావు లేచి, ఒక కన్ను మూసి గొట్టంలోకి చూశాడు. అది వంగింది.

"ముందు ఆసుపత్రికి పదండి" అన్నది మాణిక్యాంబ.

"తపాలా బండి మూడింటికి కదండి అమ్మగారూ? ముందు తుపాకీ. ఒరేయ్, నువ్వే రా! వంచినోడివి నువ్వే."

ప్రవీణ్ వచ్చి, మెట్టు మీద పరచిన రెండు చెక్కల మధ్య గొట్టాన్ని అదిమిపట్టాడు. గున్నేశ్వరరావు సంచిలోని కొయ్య సుత్తిని ఎడమచేత ఎత్తాడు. సుత్తికి సరిగ్గా కింద ప్రవీణ్ వేళ్ళు ఉన్నాయి. అతని మొహాన చెమట పట్టింది.

"బాబాయ్..."

"కదలకు. కదిలితే నేను కొట్టక్కర్లేదు, అదే పడద్ది."

సుత్తి దిగింది, వేళ్ళకు వెంట్రుకవాసి ఎడంగా. ఆరుమార్లు అట్లాగే దిగింది. ఆరవదానికి ప్రవీణ్ ఏడుస్తున్నాడు. గొట్టం తిన్నగా అయింది. కొత్త గుడ్డ తెప్పించి హరిబాబే కుట్టాడు; లక్క తానే కరగించాడు. తపాలా సంచి బండి ఎక్కిన తరువాత గాని గున్నేశ్వరరావు ఆసుపత్రికి కదలలేదు.

ఆ సాయంత్రం హెడ్డు కానిస్టేబులు వాఙ్మూలానికి వచ్చాడు. "రెండు రాయండి" అన్నాడు గున్నేశ్వరరావు. "నా వేళ్ళు విరిచినందుకొకటి. బుజ్జమ్మ తుపాకీ వంచి, ఆవిడ జాతర చెడగొట్టినందుకొకటి. రెండోదాని మీద మాత్రం సోమవారం సంతకం పెడతాను."

సోమవారం ఉదయం ప్రవీణ్ బత్తాయిల సంచితో మంచం పక్కన నిలుచుండగా ఫోను మోగింది. అవతల జాతర డప్పుల మధ్య బుజ్జమ్మ అరిచింది. "అందింది అన్నియ్యా! సూదిలా పోతంది!"

గున్నేశ్వరరావు కట్టు కట్టిన చేతిని దిండు మీదికి జరుపుకొన్నాడు.

"ఒకటి తీయించేస్తానురా ప్రవీణూ."

"మరి ఇంకోటి బాబాయ్?"

"అది నా వేళ్ళది. అది ఉంటుంది."