అమ్మ ముందుగా చూసిన ముఖం

పోయిన వారం తెనాలిలో నా కుడికంటికి శుక్లం తీశారు. గంటలో ఇంటికి పంపించేశారు. మర్నాడు వెళ్తే ఒక అమ్మాయి కంటిమీది మూత చటుక్కున తీసి, గోడమీది అక్షరాలు చదవమంది. చదివాను, అంతే. మన రోజుల్లో కట్టు విప్పడం ఎంత పెద్ద ఘట్టమో, ఆ సమయానికి ఎదురుగా ఎవరు నిలబడాలన్నది ఇంటిల్లిపాదికీ ఎంత పట్టింపో మీకూ గుర్తుండే ఉంటుంది.

అమ్మకు చూపు పోయాక రెండేళ్లు రేపల్లెలో నా దగ్గరే ఉంది. చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది నేను, చేపముళ్లు ఏరి అన్నం కలిపి పెట్టింది నేను, తెనాలిలో ఆపరేషన్ అయ్యాక ఆవిడకు దగ్గు రాకూడదని ఆసుపత్రి వరండాలో ఎవరినీ తాలింపు పెట్టనివ్వకుండా పోట్లాడిందీ నేనే. ముత్తయిదువ ముఖం ముందు చూస్తే చూపు నిలుస్తుందని పిన్ని నన్నే నిలబడమంటే, కట్టు విప్పే రోజు పెందలాడే తలంటుకుని, ఇంత బొట్టు పెట్టుకుని తయారయ్యాను.

బాపట్ల నుంచి అక్క ఆ పొద్దున బండికి వచ్చింది. బావగారు పోయి ఏడాది దాటింది. అప్పటికే అమ్మకు చూపు లేదు కాబట్టి బొట్టులేని అక్కను ఆవిడ చూడనేలేదు. ఇప్పుడు కూడా తన ముఖం ఎదురుకాకూడదని అక్క తనంతట తానే తలుపు చాటుకు వెళ్లి నిలబడింది. డాక్టరుగారు కట్టు విప్పి, కంటి ముందు దళసరి కళ్లద్దం పట్టుకుని కన్ను తెరవమన్నారు. అమ్మ తెరవలేదు.

"పెద్దదేదీ? దాన్ని నా ఎదురుగా రమ్మనండి. అప్పుడే తెరుస్తాను."

పిన్ని ఏదో నసిగింది కానీ అమ్మ వినలేదు. అక్క వచ్చి నిలబడ్డాక, ఆ ముఖాన్ని తనివితీరా చూసి, చిక్కిపోయావే అంది. ఆ తరువాతే నావైపు తిరిగి, దీని ముఖం నాకు తెలిసిందేగా అని నవ్వింది.

అమ్మ చేసింది ఎంత గొప్ప పనో అప్పుడు నాకు తెలియకపోలేదు. అయినా కుళ్లుకున్నాను. చాకిరీ నాదీ, ముద్దు అక్కదీ అనుకుంటూ రేపల్లె బండిలో దారి పొడవునా అమ్మతో మాట్లాడలేదు. ఆ తరువాత పెళ్లిళ్లలో అక్క చాటుకు వెళ్లడం మానేసి అందరితో పాటు ముందు కూర్చుంటే, అదీ ఓర్చుకోలేకపోయాను. సిగ్గుచేటే, కానీ ఈ వయసులో మీ దగ్గర దాచి ఏం చేసుకుంటాను?

చాలా ఏళ్లకు బాపట్లలో అక్కకూ కంటి ఆపరేషన్ అయింది. ఆ సాయంత్రం ఫోన్ చేసింది.

"రేపు పొద్దున మూత తీస్తారటే. నువ్వొచ్చి నా ఎదురుగా నిలబడవే."

మోకాళ్ల నొప్పులు, బస్సెక్కలేనన్నాను. సరేలే, జాగ్రత్త అంది అక్క. మరుసటి ఏడే పోయింది.

ఇప్పుడు ఎవరూ తలుపు చాటున నిలబడనక్కర్లేదు, కన్ను తెరిచేసరికి ఎదురుగా ఎవరున్నా పట్టింపు లేదు, అది మంచిదే. కానీ ఫలానా మనిషినే ముందు చూడాలని పట్టుబట్టేవాళ్లూ లేకుండా పోయారు. నన్ను అలా కోరుకున్న మనిషి అక్క ఒక్కతే. ఆ రోజు నా మోకాళ్లకు ఏ నొప్పీ లేదు.