పద్నాలుగేళ్లకు మళ్లీ ముట్టు

ముట్టు ఆగిపోయిన పద్నాలుగేళ్లకు, చోడి చేనులో కలుపు తీసి వచ్చి స్నానం చేయబోతుంటే లోపావడా మీద ఎర్రటి మరక కనిపించింది. జబ్బేమోనని నాకు తట్టనే లేదు. మైల అనుకున్నాను. దీపం పెట్టలేదు, ఊరగాయ జాడీ ముట్టుకోలేదు.

తోటికోడలికి మాత్రం చెప్పాను. వేరుపడ్డా మావి పక్కపక్క ఇళ్లే. ఆమె పకపకా నవ్వింది.

"ఓలమ్మో, ముసిల్దానివి మళ్లీ ఈడొచ్చినాదేటే నీకు! వేడి సేసుంటాది. మజ్జిగన్నం తిను, అదే పోతాది."

తిన్నాను. పోలేదు. వారం తిరక్కుండా మళ్లీ కనిపించింది, ఆ తర్వాత మళ్లీ. మా వీధిలో ఒకామెకు ఇలాగే మొదలైంది. గర్భసంచిలో కేన్సరని తేలేసరికి మంచం దిగలేని స్థితి. ఆమెను చూడబోయిన రోజున ఆ గదిలో కొట్టిన వాసన గుర్తొచ్చి నాకు ముద్ద దిగేది కాదు. అయినా నోరు విప్పలేదు. ఈ వయసులో డాక్టరు ముందు బట్ట ఎత్తడం కన్నా చావే నయమనుకున్నాను. బుద్ధి లేని దాన్ని.

కోడలే పసిగట్టింది.

"అత్తా, జాడీ నన్నే తియ్యమంతన్నావు, దీపం నన్నే ఎట్టమంతన్నావు. ఏటయినాది నీకు?"

"ఏటీ నేదే."

"నా మొకం సూసి సెప్పు."

చెప్పేశాను. ఆ పిల్ల పొయ్యి ఆర్పేసి అక్కడే కూలబడింది. మర్నాడే విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"ముట్టు పూర్తిగా ఆగాక ఒక్క చుక్క కనబడినా రావాలమ్మా. అన్నీ కేన్సర్లు కావు. పరీక్ష చేయకుండా మాత్రం చెప్పలేం" అంది లేడీ డాక్టరు. స్కానింగు తీయించి, గర్భసంచి లోపలి పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. పది రోజులు ఆగమన్నారు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఎక్కడ బోర్డు కనిపించినా కూడబలుక్కుని చదివే అలవాటు నాది. ఆ పది రోజులూ ఏ ఆసుపత్రి బోర్డు వైపూ కన్నెత్తలేదు. కేన్సరన్న మాట ఎక్కడ ఎదురవుతుందోనని భయం.

కేన్సరు కాదన్నారు. పాలిప్ అట, లోపల చిన్న పిలకలా పెరిగిన కండ. తీసేశారు.

తోటికోడలు చూడ్డానికి వచ్చింది. డాక్టరు చెప్పిన ఒక్క చుక్క మాట ఆమెకూ చెప్పాను. నోరు మూతపడని మనిషి, కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఏటే, మాటాడవు? నీకూ కనబడతన్నాదా?"

తల వంచుకుంది. "ఉగాది ముందు నుంచీ."

"ఇన్నాళ్లూ సెప్పలేదేటే!"

"సెప్తే నిజమైపోతాదని బయమే."

నాకు చోడి కలుపు నాడు మొదలైంది. ఆమెకు ఉగాది ముందే, అంటే నన్ను చూసి నవ్విన నాటికే ఉంది. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు విజయనగరం ఆసుపత్రికి బయల్దేరదీశాను. గజపతినగరం దాటేలోగా "అదేనంటావేటే?" అని మూడుసార్లు అడిగింది. తెలీదనే చెప్పాను. కాదని అబద్ధం ఆడడానికి నాకు ధైర్యం చాల్లేదు.