ముందు మూత మీద వేళ్ళు

ఇంజను మీద చెయ్యి వేసి జబ్బేమిటో చెప్తానని అమలాపురంలో నాకో పేరుంది. రెండేళ్ళ నుంచి అది ఉత్త పేరే. ఏళ్ళ తరబడి గ్రైండరు పట్టీ పట్టీ కుడిచేతి వేళ్ళు పొద్దున పూట తెల్లగా పాలిపోయేవి. రానురాను మధ్యాహ్నానికి కూడా స్పర్శ వచ్చేది కాదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే షెడ్డు మూసుకోవాలి. దిగులు కూడా పడలేదు, అదే విచిత్రం. వేళ్ళతో పాటు లోపల కూడా ఏదో మొద్దుబారింది.

అలాంటి రోజుల్లో కొత్తపేట నుంచి రిటైరైన డాక్టరుగారొకరు పాత రేసుకారు ఇంజనును వ్యానులో వేసుకుని వచ్చారు. ఆరు సిలిండర్లది.

"మా అన్నయ్య పందెంలో తోలుతుంటే క్రాంకు రెండు ముక్కలైపోయిందయ్యా. ఇంజను పగిలి, ఆ ముక్క తగిలి కాలు పోయింది ఆయనకి. ఇప్పుడు కొత్త క్రాంకు తెప్పించేను. ఒక్కసారి ఫుల్లు స్పీడులో నేనే తోలి, ఆపేస్తాను. నువ్వు బాగుందంటేనే ఎక్కుతాను."

"ఆయ్, అలాగేనండి," అన్నాను. అలవాటు కొద్దీ నోరు అనేసింది.

క్రాంకంటే ఇంజను లోపల తిరిగే ఇరుసు. దాన్ని తూకం సరిచేయడం నాకు కొత్త కాదు. కానీ పొడుగు క్రాంకుకు ఇంకో రోగముంటుంది. సిలిండరు పేలినప్పుడల్లా అది కాస్త మెలిపడి మళ్ళీ విడుతుంది, తడిబట్ట పిండి వదిలినట్టు. ఏదో ఒక వేగం దగ్గర ఆ మెలికలు ఒకదానికొకటి తోడై పెరుగుతాయి. అక్కడ కాసేపు ఉంచితే ఉక్కయినా తెగుతుంది. ఆ అదురును మింగడానికే క్రాంకు కొసకి రబ్బరుతో అతికించిన బరువైన చక్రం పెడతారు. డ్యాంపరంటారు. అన్నగారి నాటి డ్యాంపరే ఉంచమన్నారాయన. తోమి, మెరిపించి బిగించాను. రబ్బరు సంగతి ఆలోచించలేదు.

స్టాండు మీద ఇంజను స్టార్టు చేశాను. ఆ మెలిక బయటికి పెద్దగా తెలియదు. ఇంజను ముందు వైపు మూత మీద వేళ్ళు ఆనిస్తే సన్నగా జుమ్మంటుంది, అంతే. ఆనించాను. కర్రపుల్లలు ఆనించినట్టే ఉంది. డాక్టరుగారు నా మొహమే చూస్తున్నారు. బాగుందండి అనబోయి, ఆయన కాళ్ళ వైపు చూశాను. భయం వేయాల్సింది. వేయలేదు. బాగుందని మాత్రం అనలేదు.

షెడ్డు వెనకే ఇల్లు. మా ఆవిడను పిలిచాను. ఆవిడది ఆత్రేయపురం. పెళ్ళి దాకా పూతరేకులు తీసిన చెయ్యి, రేకు ఎంత పలచనో వేలి కొసతో చెప్పేస్తుంది.

"నువ్వుండగా ఆవిడెందుకయ్యా?" అన్నారు డాక్టరుగారు.

"ఆడవాళ్ళ చెయ్యి సున్నితమండి."

"మీ ఇంజన్లతో నాకేం పనండీ," అంటూనే ఆవిడ మూత మీద వేళ్ళు ఆనించింది. నేను వేగం పెంచుతూ పోయాను.

"ఏం లేదు. ఏం లేదు. అదిగో, జుమ్మంటోంది. మోచేతి దాకా వస్తోందండి. ఇప్పుడు పోయింది."

తగ్గిస్తూ వచ్చాను. మళ్ళీ నిమిషానికి ఆరువేల చుట్ల దగ్గరే చెప్పింది. ఇంజను ఆపి డ్యాంపరు విప్పాను. స్క్రూడ్రైవరు మొన గుచ్చితే రబ్బరులో దిగలేదు, రాయిలా బిగిసిపోయింది. పైన పటారం, లోన లొటారం.

"ఇది మార్చకుండా ఎక్కకండి," అన్నాను.

ఆయన ఆ చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చున్నారు. "మార్చెయ్యి," అని వెళ్ళిపోయారు.

నేను బల్ల మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. మా ఆవిడ పక్కకొచ్చింది.

"మీ వేళ్ళకేమైందండీ?"

"ఏమీ కాలేదు. పని చేసుకోనియ్యి."

కదల్లేదు. నా మొహంలోకే చూస్తోంది. ఏం మనిషి, ఎంతసేపు చూస్తుందనుకుని, నేనూ మొండిగా ఆవిడ కళ్ళలోకే చూశాను.

"ఎప్పట్నించి?" అంది.

"ఏమీ లేదన్నానా?"

"మీ వేలు గిల్లుతున్నానండి. ఇందాకట్నించి."

తల దించి చూశాను. నా చూపుడువేలిలో ఆవిడ గోరు దిగి ఉంది, పక్కన చిన్న రక్తపు చుక్క. అప్పుడు వేసింది భయం.