శ్రీకారమనుకున్న గుర్తు

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ అయిన కొత్తలో, ఏదైనా అర్థం కాకపోతే ఒకరిని అడగడం నాకు నామోషీగా ఉండేది. అర్థమైందని నేనే తేల్చేసుకునేదాన్ని. బొబ్బిలిలో మా కిరాణా కొట్టు వెనక వీధిలోనే చర్చి. అక్కడ పియానో వాయించే ఆవిడ (అమ్మకి స్నేహితురాలు, నాకు పియానో పిన్ని) క్రిస్మస్ పాటలో మగవాళ్లు పాడే కింది స్వరాలని నన్ను వీణ మీద వాయించమంది. నాన్న మాత్రం, "ఇదొక్కటీ సూస్తానమ్మా. బాగుంటే సరే, నేదంటే వీణ అటకెక్కించీసి కొట్లో కూకో" అన్నారు.

పిన్ని ఆడవాళ్లు పాడే కాయితం ముందు పెట్టి, అయిదు గీతల మీద చుక్కలు చదవడం (ఏ గీత మీదుంటే ఏ స్వరమో; మన సరిగమల్లా వాళ్లకి ఎ, బి, సి లు) ఓ సాయంత్రం నేర్పింది. నా కాయితం చేతికిచ్చి, మిగతాది మర్నాడు చెప్తానంది. ఇంకేం మిగిలుంటుందిలే అని నేను వెళ్లలేదు. ఒక్క తేడా కనిపించింది. ఆవిడ కాయితంలో గీతల మొదట జిలేబీ చుట్టలాంటి గుర్తుంటే, నా దాంట్లో చెవిలాంటి వంకరా, పక్కన రెండు చుక్కలూ ఉన్నాయి. మా ఇంట్లో సరుకుల చీటీ రాసినా పైన శ్రీకారం చుట్టాకే బెల్లం, చింతపండు. వాళ్లదీ అలాంటి ఆచారమే, రాసేవాళ్ల దస్తూరీని బట్టి మారుతుంది కాబోలనుకుని, దానికి మనసులో దణ్ణం పెట్టుకుని వారం రోజులు సాధన చేశాను.

పండగ ముందురోజు అందరం కలిసి పాట ఎత్తుకున్నాం. పాడేవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయి నా వైపు చూశారు.

"ఒసే, ఏటే అది? ఏ పాట వాయిస్తన్నావు?" అంది పిన్ని.

"కాయితంలో ఉన్నదే పిన్నీ!"

ఆవిడ వచ్చి నా వేలు పట్టుకుని రెండు చుక్కల మధ్య గీత మీద పెట్టింది. "ఈ గీత ఎఫ్ అని సెప్తన్నాదే ఈ గుర్తు. అదే నా కాయితంలో ఉన్న జిలేబీనాంటి గుర్తయితే, దాని సుట్ట తిరిగిన గీత జి. గుర్తు మారితే గీతల పేర్లన్నీ మారిపోతాయి. అది సూడకుండా సదివీసినావా?"

సిగ్గు సంగతి అటుంచి, నాకు ఆశ్చర్యం ఆగలేదు. అదే గీత, అదే చుక్క, పేరు మాత్రం వేరా! అలా ఎందుకు పెట్టుకున్నారని అడిగాను (నా జీవితంలో అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో).

"మగోళ్ల గొంతు కిందుంటాది కదే. జిలేబీతోనే రాస్తే సుక్కలన్నీ గీతలు దాటి కిందకి జారిపోతాయి. అందుకని గీతలు అవే ఉంచి పేర్లు మార్సుకున్నారు."

అక్కడే కూర్చుని మొదటినుంచీ మళ్లీ నేర్చుకున్నాను. మర్నాడు వాయించి బయటికొచ్చేసరికి గుమ్మం దగ్గర నాన్న.

"ఆ డ్రమ్ముల గోలలో నీ వీణ నాకు ఇనపడ్నేదమ్మా" అన్నారు. చెప్పులేసుకుంటూ, "తప్పు కూడా ఇనపడ్నేదు. ఉండనీ" అన్నారు.

వీణ అటకెక్కలేదు. ఇప్పుడు ఏ కొత్త కాయితం చేతికొచ్చినా మొదట ఎడమ అంచు చూసి, రెండుసార్లు సరిచూసుకుని గానీ తీగ ముట్టను. అయినా ఆ వారం రోజులూ ఇల్లంతా మోగేలా తప్పు వాయించిన పిల్లంటే నాకెంతో ముద్దు. అంత ధీమాగా ఇప్పుడు ఒప్పు కూడా వాయించలేను.