భూతద్దమక్క తిన్నె చూడబోయింది

మా దీవిలో భూతద్దమక్క అంటే తెలియనివాళ్ళు లేరు. ఆవిడ నాకు తోటికోడలు, మా ఆయనకు వదిన. నేను అక్కయ్యా అని పిలుస్తాను. మిగతా దీవి అంతటికీ భూతద్దమే. ఆ పేరు రావడానికి ఆవిడ చేసే పని కొంత కారణం, పుట్టుకతో వచ్చిన బుద్ధి మిగతా కారణం.

పని ఏమిటంటే, రేవు దగ్గరున్న గెస్ట్ హౌస్‌లో దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికి ఇస్త్రీ చేయడం. వెనకవైపు ఒక రేకుల షెడ్డు. అందులో గడగడలాడే మెషీను, పక్కన సిమెంటు తొట్టి, గోడ పొడవునా ఇస్త్రీ బల్ల. మెషీన్లో వేసే ముందు ప్రతి దుప్పటినీ వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తుంది. మరకల కోసం అంటుంది గానీ, ఆవిడ చూసేది మరకలొక్కటే కాదు. "మూడో గది మొగుడు నేల మీద పడుకున్నాడు చెల్లీ. ఒక దుప్పటి నలగనే లేదు, ఇంకోటి నేల తుడిచినట్టుంది" అని ఒకసారి ఉతకకముందే చెప్పింది. ఆ సాయంత్రమే ఆ జంట వేర్వేరు పడవలెక్కి వెళ్ళిపోయింది.

ఇక బుద్ధి. కూరగాయలు కొంటే తక్కెడలో పళ్ళేలు మార్చి మళ్ళీ తూచమంటుంది. డాక్టరు మాత్రలిస్తే ముందు మీరొకటి మింగండి అనేదాకా వస్తుంది. పెళ్ళిచూపుల్లో బావగారి ముఖం కన్నా ఆయన పడవ అడుగునే ఎక్కువసేపు చూసిందట. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి మా అక్కయ్య పీట వేసి, వడ్డించి, ఇంట్లో మనిషిలాగే చూసుకునేది.

మాది బాగా దూరపు దీవి. అయినా వానలు వెనకబట్టాక జనం వస్తారు. వచ్చేది మా కోసం కాదు, ఇసుకతిన్నెల కోసం. ఆటుకు సముద్రం తగ్గినప్పుడు నడినీళ్ళలో తెల్లటి తిన్నెలు వీపులు పైకెత్తుతాయి. చెట్టు ఉండదు, గుడిసె ఉండదు, మనిషి జాడ ఉండదు. పోటు రాగానే మళ్ళీ మునిగిపోతాయి. పడవవాళ్ళు పొద్దున్నే జనాన్ని గొడుగులతో సహా అక్కడ దింపి, నీళ్ళు ఎక్కకముందే తీసుకొస్తారు. మా బావగారిదీ అదే పని. అక్కయ్య మాత్రం కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఒక్క తిన్నె మీదా కాలు పెట్టలేదు. "ఇసుక చూడ్డానికి అంత దూరం పోవాలా? రోజూ దుప్పట్లలోది దులపలేక చస్తున్నా" అనేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ మా వంటింట్లోకి వచ్చి, చేతిలోని రుమాలు విప్పి బల్ల మీద పరిచింది. అందులో చిటికెడు ఇసుక.

"ఇదేంటో చెప్పు."

"ఇసుక."

"రంగు చెప్పవే."

చూశాను. ఎర్రగా ఉంది, గవ్వల పొడిలా గరుకుగా ఉంది.

"ఇది మీ బావగారి ప్యాంటు జేబులోది. జనం వెళ్ళే తిన్నె మీద ఇసుక పాలపిండిలా ఉంటుంది. మరి ఇదెక్కడిది?" అంది. ఆగకుండా మిగతాదంతా బయటపెట్టింది. మోకాలు తడిస్తేనే విసుక్కునే మనిషి ఈ మధ్య నెత్తి దాకా తడిసి వస్తున్నాడట. రాగానే చెవిలో వేలు పెట్టి ఒంటికాలి మీద గెంతుతున్నాడట. కొత్త నిక్కరు కొని బియ్యం డబ్బా వెనక దాచాడట. ఎక్కడికెళ్ళావంటే, "ఎక్కడికెళ్తాను, తిన్నెకే" అంటూ గోడ వైపు చూస్తున్నాడట.

"అంతేనా?" అన్నాను, ఇంకా ఉందని ఆవిడ ముఖమే చెబుతుంటే.

"ఏడో గది ఆవిడ తువ్వాలు దులిపాను. ఇదే ఇసుక."

ఏడో గది ఆవిడను నేనూ చూశాను. నడివయసు దాటిన మనిషి, పొట్టి జుట్టు, వెడల్పాటి భుజాలు. వారం ఉంటానని వచ్చి నెల దాటినా కదల్లేదు. ఒంటరి ఆడమనిషి, తోడూ లేదు, తొందరా లేదు. నిప్పు లేనిదే పొగ రాదనిపించింది నాకు కూడా.

"బావగారు అలాంటి మనిషి కాదక్కయ్యా" అన్నాను, అనాలి కాబట్టి.

"అలాంటి మనిషి ఎలా ఉంటాడో నీకు తెలుసా?" అంది.

మా ఆయన చుట్టుపక్కల చిన్న దీవులకు మంచినీళ్ళ డ్రమ్ములు చేరవేస్తాడు. మర్నాడు పొద్దున ఆయన తాడు విప్పుతుండగా అక్కయ్య వెళ్ళి డ్రమ్ముల మధ్య కూర్చుంది. వెనకే నేనూ ఎక్కాను.

"ఏంటి వదినా, ఎక్కడికి?" అన్నాడు ఆయన హడలిపోయి.

"తిన్నె చూడ్డానికి. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చూస్తున్నారు. నేను చూడకూడదా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను నీళ్ళ వైపు చూశాను. పడవ కదిలింది.

తెల్ల తిన్నె దగ్గరపడుతుంటే నేను డ్రమ్ము పట్టుకుని లేచి నిలబడ్డాను. చుట్టూ గాజులా పలచటి నీళ్ళు, మధ్యలో కొడవలిలా వంగిన ఇసుక. ఎవరో ఉతికిన దుప్పటి అప్పుడే ఆరేసి వెళ్ళినట్టుంది. అక్కయ్య కళ్ళు మాత్రం మనుషుల్నే వెతికాయి. గొడుగుల కింద ఓ పదిమంది ఉన్నారు. బావగారి పడవ లేదు.

మా ఆయన కేకేసి అడిగాడు. "మిమ్మల్ని తెచ్చిన పడవాయన ఏడండీ?"

టోపీ పెట్టుకున్న పెద్దాయన చేత్తో దూరంగా చూపించాడు. "అటు వెళ్ళాడు. రోజూ అంతేనట, మమ్మల్ని దింపి వెళ్తాడట. వాళ్ళావిడ కూడా ఉందిగా."

"ఎవరూ?" అంది అక్కయ్య.

"ఆయన భార్యండీ. పొట్టి జుట్టావిడ."

అక్కయ్య చాలా నెమ్మదిగా తల ఊపింది. "అలాగా. పద మరిదీ, మీ అన్నయ్య పెళ్ళాన్ని చూసొద్దాం."

దారిలో మా ఆయన ఒకసారి నీళ్ళకు లోతు లేదని, ఇంకోసారి రాళ్ళున్నాయని పడవ తిప్పబోయాడు. ఈయనకు కూడా ఏదో తెలిసే ఉంటుందని నాకు అనుమానం తగిలింది. అక్కయ్య పక్కన కూర్చుంటే అదీ అంటుకుంటుంది కాబోలు.

రాళ్ళ వరసకు అవతల, జనం ఎవరూ పోని చోట, ఎర్రటి తిన్నె కనిపించింది. దాని ఒడిలో మడుగులా నిలిచిన నీళ్ళు. బావగారి పడవ లంగరేసి ఉంది. మడుగులో ఆయన బోర్లా పడుకుని ఉన్నారు. ఏడో గది ఆవిడ నడుంలోతు నీళ్ళలో నిలబడి, ఆయన పొట్ట కింద చెయ్యి పెట్టి ఉంది. బావగారు కాళ్ళు టపటపా కొడుతుంటే నీళ్ళు ఆకాశానికి లేస్తున్నాయి.

పడవ ఇంకా ఆగనే లేదు, అక్కయ్య దూకేసింది. చీర మోకాళ్ళ దాకా తడిసిపోయింది. నేరుగా వెళ్ళి, "చెయ్యి తియ్యి" అంది ఆవిడతో.

"తీస్తే మునిగిపోతారండీ" అందావిడ.

అంతలో బావగారు తలెత్తి భార్యను చూశారు. గుటకేసి, బుడుంగున మునిగి, దగ్గుతూ లేచి నిలబడ్డారు. నీళ్ళు ఆయన బొడ్డు దాకా కూడా లేవు. దొంగకు తేలు కుట్టినట్టు ముఖం తుడుచుకున్నారు.

"ఏం చేస్తున్నావయ్యా ఇక్కడ?"

"ఈత" అన్నారు చివరికి.

"నువ్వు ఈత నేర్చుకోవడమేంటి? పడవ నడిపేవాడివి!"

"అదే కదా..." అని ఆగారు. తర్వాత తల వంచుకుని చెప్పారు. "నాకు ఈత రాదే. ఎప్పుడూ రాదు. చిన్నప్పుడు నేర్చుకోలేదు. పెద్దయ్యాక, పడవవాడిని, ఎవర్ని అడగను?"

మా ఆయన నోరు వెళ్ళబెట్టాడు. సొంత తమ్ముడికే తెలియని సంగతి అది.

కిందటి ఏడు ఒక చిన్నపిల్ల పడవ అంచు మీంచి జారి నీళ్ళలో పడిందట. బావగారు తెడ్డు పట్టుకుని కొయ్యబారిపోయారు. ఎవరో ప్రయాణికుడు దూకి పిల్లను తీశాడు. పడవ ఒరిగిపోకుండా ఈయన నిలబెట్టాడని అందరూ మెచ్చుకున్నారు కూడా. "ఆ మెచ్చుకోలు నాకు ముల్లులా దిగింది. అప్పట్నుంచి కళ్ళు మూస్తే ఆ పిల్ల చెయ్యే కనబడుతుంది" అన్నారు.

అక్కయ్య గొంతు తగ్గింది గానీ మెత్తబడలేదు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మర్నాటి నుంచి నన్ను పడవ ఎక్కనిస్తావా?"

ఎక్కనివ్వదు. అది అందరికీ తెలుసు, ఆవిడకు ఇంకా బాగా తెలుసు.

"మరి ఈవిడకెలా చెప్పావు?"

"నేను చెప్పలేదు. ఆవిడే కనిపెట్టింది. మొదటిరోజే, పడవలో నేను నిలబడే తీరు చూసి."

ఆ మాటకు అక్కయ్య ముఖం మారిపోయింది. ఎర్ర ఇసుక చూసినప్పుడు కూడా అలా మారలేదు. దుప్పటి మడతలో కాపురాలు చదివే మనిషి, పక్కన పడుకున్న మొగుడి భయాన్ని ఇన్నేళ్ళూ చూడలేదు. వేరేవాళ్ళు ఒక్క పూటలో చూశారు. ఆవిడ తిన్నె అంచున అలాగే కూలబడింది.

ఏడో గది ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. తను ఊళ్ళో ఈతకొలనులో పిల్లలకు నేర్పేదాన్నని, ఆ ఉద్యోగం అయిపోయాక సముద్రం చూద్దామని వచ్చానని చెప్పింది. "నాకూ సముద్రమంటే భయమేనండీ. అడుగు కనబడకపోతే గుండె దడ. ఈ మడుగు చూపించింది మీ ఆయనే. ఇద్దరం ఒకళ్ళ సిగ్గు ఒకళ్ళం దాచుకున్నాం. అంతే."

అక్కయ్య ఆవిడను పైనుంచి కింద దాకా చూసింది. "అంతేనా?"

"అంతేనండీ."

"రేపట్నుంచి నేనూ వస్తా. ఒడ్డునే కూర్చుంటా" అంది అక్కయ్య.

ఈ గొడవలో పోటు సంగతి అందరం మరిచిపోయాం. మేం తెల్ల తిన్నె చేరేసరికి ఇసుక కనబడటం లేదు. జనం చీలమండల లోతు నీళ్ళలో, సంచులు నెత్తిన పెట్టుకుని, గొడుగులు ముడుచుకుని నిలబడి ఉన్నారు. కోపంతో కొందరు, ఏడుపుతో కొందరు. టోపీ పెద్దాయన పడవెక్కుతూనే విరుచుకుపడ్డాడు. "ఎక్కడికి పోయావయ్యా? మమ్మల్ని ముంచుదామనా?"

బావగారు ఏదో ఒక అబద్ధం చెబుతారనే అనుకున్నాను. ఆయన చేతులు తుడుచుకుని, "నాకు ఈత రాదండీ. నేర్చుకోడానికి వెళ్ళాను. ఇవాళ ఆలస్యం నా తప్పే" అన్నారు.

ఒక్కొక్కరే చల్లగా పడవ అంచులు పట్టుకున్నారు. రేవు చేరేదాకా ఒక్కరూ వదల్లేదు.

సాయంత్రానికి ఫిర్యాదు వెళ్ళింది. ఈత వచ్చి, రేవు చుట్టూ ఈది చూపించేదాకా జనాన్ని ఎక్కించకూడదని గెస్ట్ హౌస్ మేనేజరు బావగారికి తేల్చి చెప్పాడు. మర్నాడు పొద్దున రేవులో పడవవాళ్ళంతా చేరి ఒకటే నవ్వు. మీసాలాయన అని ఒకడుండేవాడు, అందరికన్నా పెద్దగా నవ్వాడు. "చేపకు ఈత రాకపోవడం ఇప్పుడే వింటున్నాం!"

అక్కయ్య అక్కడే నిలబడి చూస్తోంది. నవ్వుతూ నవ్వుతూ అతను గట్టు అంచు నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు. అది ఆవిడ కంటపడింది.

"మీసాలాయనా, ఒకసారి దూకి చూపించు. మా ఆయన చూసి నేర్చుకుంటాడు."

"ఇవాళ జలుబక్కా."

"నీకో?" అంది పక్కవాడితో. అతనికి కాలు బెణికిందట. ఆ పక్కవాడు అప్పుడే భోంచేశాడట. అదీ పొద్దున్నే. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నారు. ఒక్కసారిగా నవ్వులు ఆగిపోయాయి. మా ఆయనా ఇంకో ముగ్గురూ తప్ప ఎవరూ తలెత్తలేదు.

ఆ తర్వాత పది రోజులు కాకుండానే పడవవాళ్ళ ఆడవాళ్ళు ఒక్కొక్కరే గుట్టుగా రేకుల షెడ్డుకు రావడం మొదలుపెట్టారు. "అక్కా, మా ఆయన ఈ మధ్య తల తడుపుకుని వస్తున్నాడు, ఏంటంటే చెప్పడం లేదు" అని. "ఎర్ర తిన్నెకు వెళ్ళి చూసుకో" అనేది అక్కయ్య, ఇస్త్రీ ఆపకుండా. అలా ఎర్ర తిన్నె మీద రోజూ ఒడ్డున పెళ్ళాలు, నీళ్ళలో మొగుళ్ళు, మధ్యలో నేర్పుతూ ఏడో గది ఆవిడ. మీసాలాయన అందరికన్నా పెద్దగా కేకలు పెట్టేవాడు.

బావగారు రేవు చుట్టూ ఈదారు. చూడముచ్చటగా ఏమీ లేదు. గేదె వాగు దాటినట్టు రొప్పుతూ, నీళ్ళు ఉమ్ముతూ. కానీ ఈదారు, ఎవరి చెయ్యీ పొట్ట కింద లేకుండా. అక్కయ్య గట్టు మీద ఆయనతో సమానంగా నడుస్తూ, కొంగు లోపల తాడు గట్టిగా చుట్టుకుని పట్టుకుంది. అవసరం పడితే విసరడానికి. మళ్ళీ పడవ ఆయన చేతికి వచ్చింది.

ఏడో గది ఆవిడ వానలు మొదలయ్యేదాకా ఉంది. వెళ్ళే ముందు అక్కయ్యను కూడా నీళ్ళలోకి దింపింది. ఎన్నిసార్లు వద్దన్నా వినలేదు. "వెల్లకిలా పడుకోండి చాలు, సముద్రమే మోస్తుంది" అంది. మోస్తుందని దాని మాట మీద ఎలా నమ్మడమని అక్కయ్య వాదన. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని పడుకుంది. చెవులు నీళ్ళలో మునిగాయి. కాసేపటికి ఆవిడ నుదుటి మీద ముడతలు విడిపోయాయి. ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను, ఆ ముఖం అంత నిశ్చింతగా ఉండటం అదే మొదటిసారి. ఒడ్డున మేమంతా మాటలు ఆపి చూస్తూ ఉండిపోయాం.

లేచి నిలబడి, జుట్టు పిండుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"చెవుల్లో నీళ్ళు, ఏం వినబడలేదు. నేను పడుకున్నంతసేపూ నా గురించి ఏమనుకున్నారే?"