ఎనిమిది మందిమి, ఏడు చీటీలు

నాలుగేళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. అన్నం తింటాను, బస్సెక్కుతాను, నవ్వాల్సిన చోట నవ్వుతాను. అది కదలదు. నేను రోజూ డైరీ రాసే మనిషిని. అందులో కూడా రాయలేదు. అది జరిగిన శనివారం పేజీలో "తలనొప్పి, త్వరగా పడుకున్నాను" అని మాత్రం ఉంది. నా డైరీకి నేను చెప్పిన మొదటి అబద్ధం అదే. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేదాన్ని. ఎనిమిది మంది ఆడవాళ్లం, అందరం కాంట్రాక్టు మీదే. వారానికి ఒకరు వెనక షెడ్డులో రసాయనాల డ్రమ్ములు కడగాలి. కళ్లు మండుతాయి. ఇంటికెళ్లి స్నానం చేసినా ముక్కులోంచి వాసన పోదు. వంతులు పెట్టుకుంటే తమ వంతు రాగానే సెలవు పెట్టేవాళ్లు. సూపర్‌వైజర్‌కు వదిలేస్తే తనకు గిట్టనివాళ్లనే పంపేవాడు. గొడవలు పడీ పడీ, చివరికి చీటీలు వేసుకుందామని అందరూ ఒప్పుకున్నారు.

ప్రతి శనివారం టీ టైములో పేర్లు రాసి ఒక ఖాళీ టిఫిన్ డబ్బాలో వేసేవాళ్లం. తీసేది ఒడిశా నుంచి వచ్చిన పుష్ప. ఆమెకు తెలుగు చదవడం రాదు, కాబట్టి మోసం ఉండదని. రాసేది నేను. ఎవరి జట్టులోనూ లేను, పెద్దగా మాట్లాడను, కాబట్టి నా దగ్గరా మోసం ఉండదని.

నేను చెబుతున్న శనివారం తర్వాతి వారమే నాకు ఓపెన్ డిగ్రీ పరీక్షలు. డ్రమ్ములు కడిగిన రోజు సాయంత్రం పుస్తకం తెరిస్తే అక్షరాలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయేవి. 'ఈ ఒక్కసారి నన్ను వదిలేయండి' అని అడిగితే సరిపోయేది. ఒప్పుకునేవాళ్లే. మా అందరిలోకీ పెద్దది సత్తక్క, ఆమె అయితే నేను మాట పూర్తి చేయకముందే సరే అనేది. కానీ ఏడు ముఖాలు నా వైపు తిరిగి ఉండగా నోరు తెరిచి ఒకటి అడగడం నాకు చేతకాలేదు. మోసం చేయడం అంతకంటే తేలికైంది. ఇంత చిన్న కారణమా? ఇంతే. దీని వెనక ఇంకేదో పెద్ద కారణం ఉంటే బాగుండునని ఎన్నిసార్లు వెతుక్కున్నానో.

ఏడు చీటీలు మడిచాను. నా పేరు రాయలేదు.

పుష్ప తీసిన చీటీలో సత్తక్క పేరు ఉంది. "నన్ను ఇడిసిపెట్టదు గీ డ్రమ్ము, నా మొగని లెక్కనే," అంది ఆమె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మిగిలిన ఆరూ చించి చెత్తలో వేశాను. ఎవరూ విప్పి చూడలేదు.

బుధవారం ఒక డ్రమ్ము అడుగున మిగిలిన కాస్టిక్ సోడా నీళ్లు ఎగిరి ఆమె ఎడమ కంట్లో పడింది. పెట్టుకోమని ఇచ్చిన కళ్లద్దాల పట్టీ ఎప్పుడో తెగిపోయి ఉంది. కన్ను పోయింది. ఆస్పత్రి వరండాలో వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, రాసిపెట్టి ఉందని. నేను ఆ మాట చాటున నిలబడ్డాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పరీక్షలు రాశాను, పాసయ్యాను. డిగ్రీ చేతికొచ్చాక అదే కంపెనీలో స్టోర్స్ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఆ షెడ్డు వైపు మళ్లీ వెళ్లలేదు.

పోయినేడు సత్తక్కకు కొల్లూరులో సర్కారు డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది. అది కూడా లాటరీలోనే. రమ్మని రెండుసార్లు ఫోన్ చేస్తే వెళ్లాను. ఎనిమిదో అంతస్తు. తలుపు దగ్గరే కూర్చున్నాను.

"గట్ల మూలకు కూసున్నవేందే, కొత్త కోడలు లెక్క? ఇటు రా, గాలొస్తది." కిటికీ దగ్గరికి పిలిచి చాయ్ ఇచ్చింది. "సూసినవా పిల్లా, ఒక చీటీల కన్ను పాయె, ఇంకో చీటీల ఇల్లొచ్చె. ఎవలకేది రాసుంటే గదే."

"అక్కా," అన్నాను, "ఆ దినం చీటీలల్ల ఎవలన్న మోసం చేసుంటే?"

"ఎవలు చేస్తరే? తీసిన పుష్పకు అక్షరం రాదు. రాసిన నీకు నోరు రాదు." తనే నవ్వింది.

"చేసిన్రనుకో."

నవ్వు ఆగింది. ఉన్న ఒక్క కన్నుతో నన్ను చాలాసేపు చూసింది. "అనుకోను. అనుకున్ననంటే ఇగ రోజు పొద్దుగాల లేసి ఎవల్నో ఒకల్ని తిట్టుకుంట బతకాలె. నాతోని గాదు. రాత అనుకుంటే పానం జెర నిమ్మలముంటది. చాయ్ తాగు, సల్లారుతది."

తాగాను.

ఆమెకు తెలుసా? తెలిసే అలా అందా? లేక నేను భయంతో లేనిది చూశానా? తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒకటే ఆలోచన. నా పేరు వేసి ఉన్నా ఆమె పేరే రావచ్చు. అది నిజం. ఎన్నో రాత్రులు దాన్నే పట్టుకుని నిద్రపోయాను. కానీ ఇంకో చీటీ ఉండుంటే డబ్బాలో కాగితాలు వేరుగా కదిలేవి, పుష్ప వేళ్లకు వేరేది తగిలేది కావచ్చు. అదీ నిజమే. విధి ఉందా, మన ఇష్టం ఉందా అని పుస్తకాల్లో చదివినప్పుడు రెంటిలో ఒకటే నిజం కావాలనుకునేదాన్ని. ఆ రోజు రెండూ ఉన్నాయి. ఏ చీటీ రావాలో నా చేతిలో లేదు. డబ్బాలో ఏ పేర్లు ఉండాలో మాత్రం పూర్తిగా నా చేతిలో ఉంది. రాత నిజమే అయినా, నేను చేసింది అందులోకి కలిసిపోయి మాయమైపోదు.

చెబితే ఆమె నెమ్మది పోతుందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత ఆమె మీద ప్రేమ ఉంది. ఎక్కువ భాగం నా ఉద్యోగం, ఆమె నన్ను 'పిల్లా' అని పిలిచే పిలుపు పోతాయన్న భయం.

ఆమెకు చెబుతానో లేదో ఇప్పుడూ తెలియదు. మీకు చెప్పడం ఆమెకు చెప్పడం కాదని తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ హక్కు మీకు లేదు. కానీ నాలుగేళ్లలో మొదటిసారి, ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాదు.