ఆయన దించిన కాయలు

ఒట్టేసి చెబుతున్నాను... నా ముగ్గురు ఆడపిల్లల మీద ఒట్టు. ఇది కల కాదు. ఆ రాత్రి నా పక్కన మా వదిన కూడా ఉంది. మా ఆయనకు సొంత అక్క. నమ్మకపోతే ఆవిడనే అడగండి.

ముందు మా ఆయన గురించి చెప్పాలి. లేకపోతే ఆ రాత్రి మీకు అర్థం కాదు. ఆయన ఫుట్‌బాల్ ఆటగాడు. సరదాకి కాదు... కలకత్తాలో పెద్ద క్లబ్బు జీతమిచ్చి ఆడించుకుంది. గోలుకు ముందు కాపలా ఉండేవారు. ఆయన్ని దాటి బంతి పోవడం కష్టమని ఎదుటి జట్టు వాళ్లే ఒప్పుకునేవారట. అంత ఆటగాడు, సెలవులకి ఇంటికొస్తే ముగ్గురు పిల్లలకీ కూర్చోబెట్టి జడలు వేసేవారు. నాకు యాభై దాటాక నా చేత అక్షరాలు దిద్దించిందీ ఆయనే.

ఆట మానేశాక ఆగిరిపల్లి దగ్గర మామిడితోట చూసుకున్నారు. పాక పక్కన చిన్న రసాల చెట్టు ఆయన చేత్తో అంటు కట్టింది. దాని కాయలు అమ్మేవారు కాదు. ఏటా ముగ్గురు కూతుళ్లకీ మూడు బుట్టలు. కోసేటప్పుడు గెడకున్న చిక్కంలోంచి కాయ జారితే, చటుక్కున కాలు చాపేవారు. కాయ పాదం మీద వాలి, మెల్లగా గడ్డిలోకి జారేది. మచ్చ కూడా పడేది కాదు.

మా వదినకి ఒళ్లు మండేది.

"ఒరేయ్ సత్యం, కాలితో తన్నిన కాయ దేవుడికి ఎలా పెడతార్రా?"

"తన్నలేదక్కా. దించాను," అని నవ్వేవారు.

ఆయన పోయాక అది మొదటి ఎండాకాలం. తెల్లారితే కోత. బుట్టల మీద పిల్లల పేర్లు ఈసారి నేనే రాశాను. ఆయన లేరని ఆ బుట్టలు ఆగకూడదు... అదొక్కటే నా పట్టుదల.

అప్పుడే నేనూ వదినా తోటలో పాక దగ్గర అన్నాలు తిన్నాం. ఉన్నట్టుండి గాలి లేచింది. కరెంటు పోయింది. తోటంతా ధబ్... ధబ్... నేలన పడ్డ రసం కాయ లోపలే కమిలిపోతుంది. పండేలోపు కుళ్లుతుంది.

"అయిపోయింది వదినా... పిల్లల కాయలన్నీ పోయాయండీ."

"నోర్ముయ్ రాజ్యం. అటు విను," అంది. ఆవిడ గొంతు మారిపోయింది.

విన్నాను.

బంగినపల్లి చెట్ల కింద ధబ్‌మంటోంది. ఆయన చెట్టు దగ్గర మాత్రం... కొమ్మ ఊగుతోంది. ఆకులు గలగలమంటున్నాయి. టిక్కుమని తొడిమ తెగింది. ఆ తరవాత ధబ్ లేదు.

తప్.

అంతే. మెత్తగా. గడ్డిలో ఏదో దొర్లింది.

మళ్లీ టిక్... తప్.

ఈసారి చెట్టుకి అటు పక్క. మధ్యలో అడుగులు... ఒక కాలు కొంచెం ఈడుస్తున్నట్టు. మోకాలు దెబ్బతిన్నాక ఆయన అలాగే నడిచేవారు.

టార్చి వేశాను. చెట్టు కింద ఎవరూ లేరు. ఆ వెలుగులోనే ఒక కాయ రాలింది. కిందికొచ్చింది... నేలకి జానెడు ఎత్తున... ఆగింది. నిజంగా ఆగిందా? నా చెయ్యి వణుకుతోంది, వెలుగూ వణుకుతోంది. తరవాత మెల్లగా... గడ్డిలోకి జారింది.

"సత్యం..." అని పిలిచింది మా వదిన. "ఒరేయ్, నువ్వేనట్రా? ఇక చాల్లేరా... మోకాలు నొప్పెడుతుంది."

గాలి ఆగిపోయింది.

తెల్లారి కాయలు ఏరి మాగబెట్టాం. తోటలో రాలిన మిగతావన్నీ నల్లబడ్డాయి. ఆ చెట్టువి ఒక్కటీ చెడలేదు. మూడు బుట్టలూ వెళ్లాయి. చిన్నమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, అచ్చం నాన్న పంపినట్టే ఉన్నాయే!" అంది.

ముందు రోజు నీళ్లు పెట్టారుగా, నేల మెత్తబడి ఉంటుందన్నారు పక్కతోట వాళ్లు. నిజమే, పెట్టాం. కానీ తోటంతా పెట్టాం.

గాలో, గడ్డో, ఆయనో... ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఒక్కటి మాత్రం కళ్లారా చూశాను. ఆ కాయల్లో మొదటిది కడిగి దేవుడి ముందు పెట్టింది మా వదినే.

"అదేంటి వదినా... కాలు తగిలిందేమో కదండీ?" అన్నాను.

ఆవిడ నా వైపు తిరగలేదు.

"తన్నలేదుగా," అంది. "దించాడు."